తొమ్మిదో నంబరు ఆకు

మా చరాస్తుల శాఖ ఏం చేస్తుందో చాలామందికి తెలియదు. తెలియకపోవడం వాళ్ళ తప్పు కాదు, మాలోనే సగం మందికి తెలియదు. నాకు తెలుసు కాబట్టి చెబుతాను. ప్రభుత్వానికి కుర్చీలుంటాయి, బల్లలుంటాయి, ఫ్యాన్లుంటాయి, మంచినీళ్ళ కుండలుంటాయి. అవి ఉన్నాయో లేదో, ఉంటే బాగున్నాయో విరిగాయో చూసి, ప్రతిదానికీ తెల్ల రంగుతో నంబరు వేయడం మా పని. విరిగిన కుర్చీని విరిగిందని మేము ధ్రువీకరించేదాకా అది విరగనట్టే. ఈలోగా దానిమీద కూర్చుని ఎవరైనా పడితే అది వారి వ్యక్తిగత విషయం.

జిల్లా కార్యాలయంలో నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు జగ్గారావు. ఫైళ్ళు రాయడం నా ఉద్యోగం, కోపం దిగమింగడం నా అలవాటు. రెండోదాని వల్ల గ్యాస్ ట్రబుల్ వచ్చింది కాని పెద్దగా బాధ లేదు. బాధంతా అప్పలసూరి విషయంలోనే.

అప్పలసూరి మా అటెండరు. అధికారి గది గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని జుట్టు నెరిపించుకున్నాడు. ప్రభుత్వం వారి కుర్చీలన్నిటికీ నంబర్లు వేసే డబ్బా మోసింది అతనే, కాని ఒక్కదానిలోనూ కూర్చోలేదు. ఆ ఏడాది రికార్డ్ అసిస్టెంటు రిటైరయ్యాడు. అటెండరుగా అందరికంటే సీనియర్ కాబట్టి ఆ పోస్టు అప్పలసూరికి రావాలి. పోస్టుతో పాటు రికార్డు గదిలోని పేము అల్లిక కుర్చీ కూడా రావాలి. జీతం పెరిగేది పెద్దగా ఏమీ లేదు. అతనికి కావలసింది కుర్చీ. అప్పుడే బజారుకెళ్ళి తెల్ల టర్కీ తువ్వాలు ఒకటి కొనేశాడు. మా ఆఫీసులో కుర్చీ వీపు మీద తువ్వాలు లేనివాణ్ణి ఎవరూ ఉద్యోగి అనుకోరు మరి.

"అయ్యగోరు సంతకం ఎడితే రేపే ఏసేస్తాను బాబూ, కుర్చీకి," అని నాకు చూపించి, మళ్ళీ మడత చెడకుండా సంచిలో పెట్టుకున్నాడు.

సంతకం పెట్టే లోపల రణపాల మొక్క వచ్చింది.

రాజధానిలో ఎవరికో పచ్చదనం మీద ప్రేమ పుట్టింది. వాళ్ళకి ప్రేమ పుడితే మాకు సర్క్యులర్ వస్తుంది. "ప్రతి ప్రభుత్వ కార్యాలయమందును ఒక సజీవ మొక్కను నెలకొల్పి, ఎట్టి అలక్ష్యమునకును తావివ్వక సంరక్షించవలెను" అన్నది దాని సారాంశం. వెనకాలే లారీలో మొక్కలూ వచ్చాయి. మా వాటాకి కుండీలో రణపాల దిగింది.

రణపాల తెలియనివాళ్ళు మా ఊళ్ళో లేరు. దళసరి ఆకులు, అంచుల వెంట గాట్లు. దాన్ని పెంచేవాళ్ళంటూ ఎవరూ ఉండరు, అది పెరిగే ఇళ్ళుంటాయి. పగిలిన బకెట్లో, పిట్టగోడ నెర్రెలో, మేడ మీద మిగిలిన ఇసకలో పెరిగేస్తుంది. ఒక ఆకు రాలి పడితే గాటుగాటుకీ ఒక పిల్ల మొలుస్తుంది. నాలుగు రోజులు నీళ్ళు మరిచిపోతే దానికి పండగ. ఎండలో పడేస్తే బలుస్తుంది. చిన్నప్పుడు మేమంతా పుస్తకాల మధ్య ఆ ఆకు దాచి, వేళ్ళు పుట్టాయా లేదా అని రోజూ తెరిచి చూసుకున్నవాళ్ళమే.

మా జిల్లా అధికారి విశ్వంభరరావు గారికీ ఇవన్నీ తెలుసు. కాని ఆయన నియమాల మనిషి. ఆయన ఇంట్లో చెంచాలకి కూడా నంబర్లున్నాయని వదంతి ఉండేది. ఆ ఇంట్లో పెళ్ళిరోజు పాయసం తిన్నవాడిగా చెబుతున్నాను, అది వదంతి కాదు. నాకు ఆరో నంబరు చెంచా ఇచ్చారు.

మొక్క దిగిన వెంటనే ఆయన సమావేశం పెట్టారు.

"ముందుగా నిర్ణయించవలసిన అంశం, ఇది స్థిరాస్తియా చరాస్తియా అన్నది," అన్నారు కళ్ళజోడు సవరించుకుని. "నేలలో నాటినచో స్థిరాస్తి. ఇది కుండీలో ఉన్నది. కుండీ కదులును. కావున చరాస్తి. చరాస్తి అయినందున మన పరిధిలోనిది. మన పరిధిలోనిది అయినందున నంబరు వేయవలెను."

"కుండీ మీద వేయిస్తానండి," అన్నాను.

"కుండీకి కుండీ నంబరు. మొక్కకి మొక్క నంబరు. విడదీయదగిన ప్రతి భాగానికీ ప్రత్యేక సంఖ్య ఉండవలెనని మాన్యువల్. ఫ్యానుకి రెక్కరెక్కకీ వేయడం లేదా?"

అప్పలసూరి తెల్ల రంగు డబ్బా, సన్న కుంచె తెచ్చాడు. ఆకు ఆకుకీ నంబరు వేశాం. పైన లేత ఆకు ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. అది విచ్చుకోగానే నంబరు వేయవలెనని మినిట్స్‌లో రాసుకున్నాం.

తరువాత మొక్కని ఎక్కడ పెట్టాలన్నది వచ్చింది. స్టాకును నేల మీద ఉంచరాదని రూలు. బల్లలన్నీ ఫైళ్ళతో నిండి ఉన్నాయి. కార్యాలయం మొత్తం మీద ఖాళీగా ఉన్నది రికార్డు గదిలోని కుర్చీ ఒక్కటే. మొక్కని తెచ్చి అందులో కూర్చోబెట్టాం. అప్పలసూరే కుండీ ఎత్తిపెట్టాడు. ఎత్తిపెట్టి, కాసేపు దాని ఎదురుగా నిలబడ్డాడు.

"మరి నానెప్పుడు కూసోవాలి బాబూ?" అని నన్నడిగాడు.

ఆ మాట నేను అధికారి గారి చెవిన వేశాను. "కుర్చీ అందుబాటులో లేనప్పుడు పదోన్నతి ఇచ్చినచో అతను ఎక్కడ కూర్చొనును?" అని ఆయనే ఎదురడిగారు. "ప్రత్యామ్నాయ కుర్చీ కోసం ప్రతిపాదన పంపండి. అంతవరకు సంతకం వాయిదా." అక్కడితో నా గ్యాస్ ట్రబుల్ మళ్ళీ మొదలైంది.

మొక్క సంరక్షణకి ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. నేనూ, సూపరింటెండెంటూ, టైపిస్టూ. అలక్ష్యమునకు తావివ్వరాదన్నారు కనుక పొద్దున ఒక చెంబు, మధ్యాహ్నం ఒక చెంబు నీళ్ళు. ఎండ తగిలితే రంగు వెలిసి నంబర్లు కనబడవని కిటికీ మూయించాం. వేడి చేస్తుందేమోనని ఫ్యాను వేశాం. చిత్రమేమిటంటే మా ముగ్గురి ఇళ్ళలోనూ రణపాల ఉంది. మా ఇంట్లో దానికి చివరిసారి నీళ్ళు పోసింది వాన. అయినా పైకప్పు దాకా పాకింది. మరి ఆఫీసు గేటు దాటగానే ఆ తెలివి ఏమయ్యేదంటే నేను చెప్పలేను. ఇంట్లోది మొక్క, ఇక్కడిది ప్రభుత్వ ఆస్తి. ప్రభుత్వ ఆస్తిని ఊరికే వదిలేయడానికి మనసొప్పేది కాదు.

నీళ్ళు ఎక్కువై కింది ఆకులు రాలడం మొదలైంది. ఒక సాయంత్రం ఊడుస్తుంటే అప్పలసూరికి రెండు ఆకులు దొరికాయి. సరిగ్గా ఆ వేళకి అతని భార్య పైడమ్మ కాలికి గాజుపెంకు గుచ్చుకుని మంచం మీదుంది. పుండుకి రణపాల ఆకు వెచ్చజేసి కట్టడం మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. అప్పలసూరి రాలిన ఆకులు రెండూ పట్టుకెళ్ళాడు. ఒకటి ఆవిడ కాలికి కట్టాడు. రెండోది ఎక్కువైతే పిట్టగోడ మీద పడేశాడు.

పొద్దున తనిఖీలో మూడూ, తొమ్మిదీ నంబర్లు లేవు.

బల్లల కింద వెతికాం. టైపు మిషను కింద వెతికాం. విశ్వంభరరావు గారు స్వయంగా వంగి బీరువా కింద టార్చి వేశారు. ఈ హడావిడంతా చూసి, టీ గ్లాసులు కడుగుతున్న అప్పలసూరి నవ్వుతూ వచ్చాడు.

"ఆ ఆకులేనేటి బాబూ? రాలిపోయి పడున్నాయని నానే అట్టుకెళ్ళినాను. మాయావిడ కాలికి కట్టినాను."

పైన ఫ్యాను తిరుగుతోంది, ఒకటో, రెండో, మూడో నంబరు రెక్కలతో.

"అనగా," అన్నారు విశ్వంభరరావు గారు నెమ్మదిగా, "మూడో నంబరు ప్రభుత్వ ఆస్తిని భార్య పాదమునకు వినియోగించినట్టు అంగీకరిస్తున్నావు."

"పుండుకండి."

"పుండు వ్యక్తిగతమా, ప్రభుత్వానిదా?"

మధ్యాహ్నానికల్లా అప్పలసూరి సస్పెండయ్యాడు. ఆ ఉత్తరువు చిత్తు నా చేతే రాయించారు. అతను సంచి తీసుకుని వెళ్ళబోతూ, తువ్వాలు అందులోనే ఉందో లేదో తడిమి చూసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మండి ఏం చేస్తాను, కిటికీ తీయబోయి, తీయకూడదని గుర్తొచ్చి మానేశాను.

విచారణాధికారిగా జోనల్ కార్యాలయం నుంచి సాంబమూర్తి గారు వచ్చారు. ఆయన ఏ వస్తువునీ దాని పేరుతో పిలవరు. ఆకు ఆయనకి సదరు ఆకు, అప్పలసూరి సదరు వ్యక్తి, ఉప్మా సదరు ఫలహారం. వచ్చిన సాయంత్రమే సదరు ఫలహారం కానిచ్చి, నన్ను వెంటబెట్టుకుని కుమ్మరి వీధిలో అప్పలసూరి ఇంటికి బయలుదేరారు.

అప్పటికి విచారణ ఉత్తరువులు అటు తిరిగి ఇటు తిరిగి రావడంలో కొంతకాలం గడిచింది. పైడమ్మ కాలు మానిపోయి చక్కగా తిరుగుతోంది. మూడో నంబరు ఎప్పుడో ఎండి, చెత్తలో పోయింది. తొమ్మిదో నంబరు పిట్టగోడ మీద పడేసిన చోటనే ఉంది. తెల్ల రంగులో అంకె ఇంకా కనబడుతూనే ఉంది. దాని చుట్టూ అంచున బొటనవేలంతేసి మొక్కలు, కొన్నిటికి అప్పుడే నాలుగేసి ఆకులు.

సాంబమూర్తి గారు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఇవి ఏమిటి?"

"పిల్లలండి," అన్నాడు అప్పలసూరి.

"ఎవరి పిల్లలు?"

"ఆకుయేనండి."

"రాసుకోండి జగ్గారావు," అన్నారాయన. "ప్రభుత్వ ఆస్తి యొక్క సంతానము ప్రభుత్వ ఆస్తియే అగును. కావున దొంగిలించబడిన సొత్తు నానాటికీ వృద్ధి చెందుచున్నది. విచారణ జరుగుచుండగా కూడా సదరు వ్యక్తి నేరమును ఆపలేదు."

"నానేటి సేసినాను బాబూ! నీళ్ళయినా పొయ్యనేదు. అదే పెరుగుతున్నాది."

"పెరుగుదలను తక్షణం నిలిపివేయవలసిందిగా లిఖితపూర్వకంగా ఆదేశిస్తున్నాం."

ఆ కాగితం నిజంగానే ఇచ్చాం. అప్పలసూరి రెండు చేతులా అందుకుని, మొక్కల వైపు చూశాడు. వాటికి చదివి వినిపించాలేమో అన్నట్టు నా వైపు చూశాడు.

అప్పుడు పైడమ్మ వాకిట్లోకి వచ్చింది. "ఎక్కువైపోనాయని పక్కింటోళ్ళకి నాలుగిచ్చినాను. ఆళ్ళు ఆళ్ళ సెల్లికిచ్చినారు. ఆకుకి కూడా కోర్టేటండీ?" అంది.

సాంబమూర్తి గారి ముఖం వెలిగింది. చిన్న దొంగతనమనుకుని వచ్చిన మనిషికి ముఠా దొరికింది. పక్కింటికి వెళ్ళాం. కుమ్మరి వీధి కదా, ఇంటింటా ఆవంలో కాల్చేటప్పుడు పగిలిన కుండలు బోర్లించీ తెరిచీ ఉన్నాయి. ప్రతి పగిలిన కుండలోనూ రణపాల ఉంది. అందులో చాలా మటుకు మా తాతల నాటి నుంచీ అక్కడ ఉన్నవే. అయినా ఏది పాతదో ఏది ప్రభుత్వానిదో మొక్కని అడిగితే చెప్పదు. వీధి వీధంతటికీ నోటీసులిచ్చాం. తమ స్వాధీనంలోని మొక్కలను, వాటి సంతానాన్ని, ఆ సంతానపు సంతానాన్ని ఉన్నవి ఉన్నట్టుగా నిలిపి ఉంచవలసిందని. ఒక ముసలాయన నోటీసుని నాలుగు మడతలు పెట్టి, కుండ చిల్లికి అడ్డం పెట్టి మట్టి పోశాడు. అందులోనూ ఒకటి నాటాడు.

చివరికి సాంబమూర్తి గారు తొమ్మిదో నంబరు ఆకుని, అంచున మిగిలిన మొలకలతో సహా, సాక్ష్యంగా స్వాధీనం చేసుకుని ఫైలు మధ్యలో పెట్టించారు. నివేదిక నాకు చెప్పి రాయించారు. అందులో ఒక వాక్యం మీద ఆయనకి ఎంత మురిపెమంటే మూడుసార్లు చదివించుకున్నారు. "తెలిసి గాని తెలియక గాని, సదరు ఆకు సంతానము ఎవరి స్వాధీనమున ఉన్నచో వారెల్లరును దొంగసొత్తు గ్రహించినవారే అగుదురు." ఎర్ర నాడా బిగించి, అప్పలసూరిని పూర్తిగా ఉద్యోగం నుంచి తీసేయడానికి అనుమతి కోరుతూ ఫైలుని రాజధానికి పంపాం.

రాజధానిలో ఫైళ్ళు ఎలా ఉంటాయో అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళు చెబుతారు. ఎవరూ ముట్టుకోరు. ఎవరూ కదపరు. కిటికీ పక్కన కట్టలు కట్టలుగా, వాన పడితే ఒక చుక్క, ఎండ కాస్తే ఒక రేక తగులుతూ పడి ఉంటాయి.

ఇక్కడ మా మొక్క పరిస్థితి వేరు. దాన్ని ముగ్గురం చూసుకుంటున్నాం. ఆకులు ఉబ్బి, గాజుముక్కల్లా అయిపోయి రాలుతున్నాయి. రాలిన ఆకుని సంతకాలు చేసి బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్ళం. కాండం నల్లబడింది. కమిటీ అత్యవసరంగా సమావేశమై, మొక్క నీరసంగా ఉన్నందున చెంబులు రెండింటి నుంచి నాలుగింటికి పెంచింది. కుండీ అడుగు నుంచి నీళ్ళు కుర్చీలోకి, కుర్చీలోంచి నేల మీదకి కారేవి. నేల తుడవడానికి అటెండరు లేడు. రోజూ నివేదికలో "మొక్క ఆరోగ్యం నిలకడగా ఉన్నది" అని రాస్తూ వచ్చాం. ఆఖరి ఆకు రాలిన రోజున కూడా అదే రాశాం. ఆకుల్లేని మొక్కకంటే నిలకడైనది ఏముంటుంది?

మర్నాడు కాండం వంగి, గుజ్జయి, కుండీ అంచు మీద వాలిపోయింది. చచ్చిపోయిందని రాయడానికి వీల్లేదు. చరాస్తికి చావు లేదు, మరమ్మతుకు పనికిరాదన్న ధ్రువపత్రం ఉంది. మరమ్మతుకు పనికిరాదని మెకానిక్కు చెప్పాలి. మేము ఫ్యాన్లు బాగుచేసే వెంకన్నకి కబురు పెట్టాం. అతను వచ్చి, కుండీ చుట్టూ తిరిగి, "వైండింగు పోయిందని రాసీమంటారా?" అని అడిగాడు.

అంతలో ఫోన్ వచ్చింది. కమిషనర్ మేడం జిల్లా పర్యటనకి వస్తున్నారు, ప్రతి కార్యాలయంలోనూ మొక్కని స్వయంగా చూస్తారు, మొక్క లేనిచోట సంబంధిత అధికారి మీద చర్య. ఫోన్ పెట్టేసిన విశ్వంభరరావు గారి ముఖం ఆఖరి రోజుల నాటి మా మొక్క రంగులోకి వచ్చింది.

"జగ్గారావు, బజారులో రణపాల దొరుకునా?"

"దాన్ని ఎవరూ అమ్మరండి. కొనేవాళ్ళుండరు."

"మీ ఇంట్లో ఉన్నదన్నారు?"

"అది ప్రైవేటు మొక్కండి. ప్రభుత్వ కుండీలో ప్రైవేటు మొక్క పెట్టడం మాన్యువల్ ప్రకారం కల్తీ." ఈ మాట అంటున్నప్పుడు నా కడుపులో మంట చల్లారింది, ఎందుకు దాచాలి. "అసలు ప్రభుత్వ మొక్క సంతానం ఇప్పుడు ప్రాణాలతో ఉన్నది ఒక్కచోటేనండి."

సాయంత్రం ఇద్దరం కుమ్మరి వీధికి వెళ్ళాం. పిట్టగోడ నిండా, సన్‌షేడ్ నిండా రణపాల పాకిపోయి ఉంది. కొన్ని పూతకొచ్చి గుత్తులు గుత్తులుగా గంటలు వేలాడేశాయి. అప్పలసూరి లేచి నిలబడ్డాడు. పైడమ్మ ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి అధికారి గారికి వేసింది. ఆయన అలవాటుగా దాని వెనక వంగి నంబరు కోసం చూసి, అప్పుడు కూర్చున్నారు.

"అప్పలసూరీ, ఒక మొక్క కావలసి వచ్చింది," అన్నారు.

"ఎలగిస్తాను బాబూ? దొంగసొత్తు గదా. కదపొద్దని కాయితం ఇచ్చినారు." అతను ఎగతాళి చేయడం లేదు. నిజంగానే భయపడుతున్నాడు. లోపలికెళ్ళి ఆ కాగితం తెచ్చి చూపించాడు కూడా.

"దీనిని సొత్తు యొక్క స్వచ్ఛంద పునఃప్రవేశముగా పరిగణించెదము."

పైడమ్మకి ఓపిక అయిపోయింది. "ఆ మాటలు మాకెందుకండి? ఈ మనిసి అన్నం సరిగా తిని ఎన్నాళ్ళయినాదో తెలుసునా? రోజూ ఆ తువ్వాలు ఇప్పుతాడు, మడత ఎడతాడు. కుర్చీ ఇస్తారా, ఇవ్వరా? అది సెప్పండి, మొక్క అట్టుకెళ్ళండి."

"పరిశీలిస్తాం."

"పరిసీలిస్తే మొక్క రాదు."

విశ్వంభరరావు గారు సన్‌షేడ్ వైపు చూశారు, నా వైపు చూశారు. "ఇస్తాం," అన్నారు. ఆయన నోట అంత చిన్న మాట నేను అంతకు ముందు వినలేదు.

బాగా బలిసిన మొక్కనొకదాన్ని తెచ్చి, కుండీలో పాత గుజ్జు తీసి పెట్టి, ఆకులకి నంబర్లు వేశాం. కుండీని మాత్రం కుర్చీలోంచి కదపలేదు. కమిషనర్ మేడం వచ్చారు. చూశారు. "బాగా పెంచారు," అన్నారు. విశ్వంభరరావు గారు, పర్యటన కోసం జోనల్ కార్యాలయం నుంచి దిగిన సాంబమూర్తి గారు ఒకేసారి వంగి, అది తమ సమష్టి కృషి అని చెప్పారు.

"మరి ఇది ఎవరి కృషి?" అని ఆవిడ వెనక్కి చెయ్యి చాచారు. వెంట వచ్చిన గుమస్తా ఒక ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది మా ఫైలే. ఎర్ర నాడా సందుల్లోంచి ఆకులు బయటికి వచ్చాయి. అట్ట విప్పితే, తొమ్మిదో నంబరు ఎండి కాగితంలా అయిపోయి ఉంది, అంకె మాత్రం చెరగలేదు. దాని చుట్టూ మొలకలు నోట్‌షీట్లలోకి తెల్లగా వేళ్ళు దించుకుని, సాంబమూర్తి గారి నివేదికని పేజీ పేజీగా కుట్టేశాయి. మా శాఖలో ఒక ఫైలు లోపల ఏదైనా కదలడం అదే మొదటిసారి.

"ఈ ఫైలు మా దగ్గర ఎన్ని సెక్షన్లలో ఆగిందో అన్ని సెక్షన్లలోనూ దీని పిల్లలు రాలాయి," అన్నారు మేడం. "బీరువా వెనక మొలిచాయి. నా పెన్నుల స్టాండులో ఒకటి మొలిచింది. ఏమిటా అని తీసి చదివాను." ఆవిడ ఆ మొలకల వేళ్ళ మధ్య నుంచి జాగ్రత్తగా ఒక పేజీ తీసి పెద్దగా చదివారు. "తెలిసి గాని తెలియక గాని, సదరు ఆకు సంతానము ఎవరి స్వాధీనమున ఉన్నచో వారెల్లరును... సాంబమూర్తి గారూ, ఈ వాక్యం ప్రకారం నేనెవరిని?"

సాంబమూర్తి గారు నేల వైపు చూస్తూ, "సదరు వాక్యం జగ్గారావు రాశాడండి," అన్నారు.

"చేతిరాత నాదేనండి," అన్నాను. "మురిపెం వారిది."

మేడం నవ్వలేదు. పెద్ద అధికారులకి నవ్వు వస్తే కొత్త ఉత్తరువు ఇస్తారు. అక్కడికక్కడే చెప్పి రాయించారు. సదరు ఘటన దొంగతనము కాదు, వికేంద్రీకృత హరిత విస్తరణ. రాజధాని కార్యాలయములు సైతము అందు భాగస్వాములైనందుకు హర్షము. సదరు అటెండరును తక్షణం విధులలోనికి తీసుకుని, రికార్డ్ అసిస్టెంటుగా పదోన్నతి కల్పించి, రికార్డు గదిలోని కుర్చీని కేటాయించవలెను. అందరం చప్పట్లు కొట్టాం. నాకు నిజంగా కళ్ళు చెమ్మగిల్లాయి. ఎర్ర నాడా దుమ్ము వల్ల అని సూపరింటెండెంటుకి చెప్పాను.

మర్నాడు అప్పలసూరి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పైడమ్మ కూడా వచ్చింది. లోపలికి రానంటూ వరండాలో కిటికీ దగ్గర నిలబడింది, అక్కడి నుంచి రికార్డు గది కనబడుతుంది కనుక. అతను సంచిలోంచి తువ్వాలు తీసి దులిపాడు. మొక్క కుండీని రెండు చేతులా పట్టుకుని కుర్చీలోంచి ఎత్తాడు.

కుండీతో పాటు కుర్చీ కూర్చునే చోటు కూడా వచ్చేసింది. రోజుకి నాలుగు చెంబులు తాగిన పేము అల్లిక కుళ్ళి, కుండీ అడుగుకి అంటుకుని లేచిపోయింది. మిగిలింది చట్రం, నాలుగు కాళ్ళు. చేత్తో కదిపితే అవీ ఊగాయి. అప్పలసూరి కుండీ పట్టుకుని, ఆ కన్నంలోంచి నేల వైపు చూస్తూ నిలబడిపోయాడు. వరండాలో పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను విశ్వంభరరావు గారి దగ్గరికి పరిగెత్తాను. "కుర్చీ పోయిందండి. ఇంకొకటి ఇప్పించాలి."

"పోయిందని ధ్రువీకరణ ఉన్నదా?"

"అడుగే లేదండి! కావాలంటే మీరే వచ్చి చూడండి."

"నేను చూసినంత మాత్రాన విరగదు జగ్గారావు. రికార్డు ప్రకారం కుర్చీ సలక్షణంగా ఉన్నది. కమిషనర్ గారి ఉత్తరువు మేరకు అతనికి కేటాయించబడినది. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను. ఒక కుర్చీ ఉన్న ఉద్యోగికి రెండో కుర్చీ ఇవ్వడానికి వీల్లేదు. ఇది విరిగినట్టు పైనుంచి అంగీకారం రావలెను. ఫైలు పెట్టండి."

తిరిగి వచ్చేసరికి అప్పలసూరి గుమ్మం దగ్గరి పాత స్టూలు తెచ్చుకుని, రికార్డు గదిలో వేసుకుని కూర్చున్నాడు. స్టూలుకి వీపుండదు కదా. తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. మొక్కని నా బల్ల పక్క కిటికీ అవతల సన్‌షేడ్ మీద పెట్టేశాడు. అక్కడికి కమిటీ చెంబు రాదు. పైడమ్మ వరండా కిటికీ ఊచలు పట్టుకుని, "ఎలగున్నాది?" అని అడిగింది.

"బాగున్నాదే," అన్నాడతను. "నువ్వు ఎల్లు, ఎండెక్కుతున్నాది."

ఆవిడ వెళ్ళిపోయేదాకా నడుం నిటారుగా పెట్టి, వెనక ఏదో ఆనుకున్నట్టే కూర్చున్నాడు.

నేను బల్ల దగ్గరికి వచ్చి ఫైలు రాశాను. సదరు కుర్చీ అడుగు లేనిదైనందున, కూర్చొనుటకు వీలుకానిదైనందున, దానిని విరిగినట్టు గుర్తించి, రికార్డ్ అసిస్టెంటు అప్పలసూరికి వేరొక కుర్చీ మంజూరు చేయగలందులకు అని, నా ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్నడూ రాయనంత జాగ్రత్తగా రాశాను. రాజధానికి వెళ్ళాక దాన్ని ఎవరూ చూడరని నాకు తెలుసు. కట్ట కింద కట్టగా కిటికీ పక్కన పడి ఉంటుంది. అతను రిటైరయ్యాక కూడా పడే ఉంటుంది.

నాడా కట్టబోతూ ఆగి, అటూ ఇటూ చూసి, కిటికీలోంచి చెయ్యి చాచి సన్‌షేడ్ మీది మొక్క నుంచి బాగా ముదిరిన ఆకు ఒకటి తుంపాను. కాగితాల మధ్యన, సరిగ్గా అప్పలసూరి పేరున్న చోట పెట్టి, నాడా మరీ బిగించకుండా కట్టాను.

పెరగడానికి దానికి ఏమీ అక్కర్లేదు, ఎవరూ పట్టించుకోకుండా ఉంటే చాలు. ఆ విషయంలో మా శాఖ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది.